బూటు అడుగున సుద్ద అంకె

త్రీ హెరన్స్ సత్రం, బాత్ రోడ్డు
1843 ఫిబ్రవరి 11

చిరంజీవి తమ్ముడు ఏమస్‌ను అక్క దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. మన సత్రం చరిత్ర రాసి, లండనులో నువ్వు పనిచేసే అచ్చాఫీసులోనే పుస్తకం వేస్తానన్నావు. చదివి నవ్వాను. నవ్వి చాలా రోజులైంది కాబట్టి అందుకైనా నీకు రుణపడ్డాను. చరిత్ర రాయడానికి ఇక్కడ ఏముందిరా? రైలు వచ్చింది, కోచ్‌బండ్లు పోయాయి. అంతే చరిత్ర. నాన్న ఉన్నప్పుడు నలభై గుర్రాలు నిలబడిన సాలలో ఇప్పుడు కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. బోర్డు మీద మూడు కొంగలకు రెండే మిగిలాయి, మూడోది వానకు చెరిగిపోయింది.

అయినా నీ మాట తీసిపారెయ్యలేను. మొన్న న్యాయాధికారిగారి గుమాస్తా వచ్చి ఒక గ్లాసు ఏల్ బీరు తాగి, "మిసెస్ పెల్, బండ్లే లేని దారిలో సత్రానికి లైసెన్సు దేనికని సెప్టెంబరులో పెద్దలు అడుగుతారేమో, చూసుకోండి" అని చెప్పి పోయాడు. లైసెన్సు పోతే నేనెక్కడికి పోతాను? మీ బావ పోయి ఆరేళ్లు. పిల్లలు లేరు. ఈ ఇంట్లో పుట్టాను, ఈ ఇంట్లోనే పోవాలని ఉంది. నీ పుస్తకం చూసి నలుగురు సరదాకైనా వస్తారంటావా? అయితే రాయి. ఏం కావాలో అడుగు.

నీ అక్క

---

లండను
ఫిబ్రవరి 20

అక్కకు నమస్కారాలు.

వస్తారా అని అడుగుతావేమిటి, తోసుకుని వస్తారు. ఇక్కడి జనానికి ఏదైనా చచ్చిపోయాకనే ముద్దొస్తుంది. పదేళ్ల కిందట కోచ్‌బండి ఎక్కి నడుములు విరిగాయని తిట్టినవాళ్లే ఇప్పుడు రైల్లో మెత్తగా కూర్చుని "ఆ రోజులే వేరు" అంటున్నారు.

ముందు ఒక రాజు కావాలి. ఏ రాజైనా మన దగ్గర పడుకున్నాడా? పడుకోకపోతే మనమే పడుకోబెడదాం. తరవాత ఒక దొంగ, ఒక పారిపోయిన పెళ్లికూతురు. నేను పదమూడో ఏట ఇల్లు వదిలి ఇక్కడికి పనిలోకి వచ్చాను కాబట్టి నాకు పెద్దగా ఏమీ గుర్తులేదు. వంటింటి పొగ, నువ్వు నా చెవి మెలిపెట్టడం, ఈ రెండే. సత్రంలో పనులు ఎలా జరిగేవో వివరంగా రాయి. కతలు నేను అల్లుకుంటాను.

నీ తమ్ముడు
ఏమస్

---

త్రీ హెరన్స్
మార్చి 2

చిరంజీవి ఏమస్‌కు,

రాజులెవరూ పడుకోలేదు. ఒక బిషప్ గారు పడుకున్నారు, పరుపులో నల్లులున్నాయని పొద్దున్నే నాన్నను కడిగేశారు. అది వెయ్యకు.

పనుల సంగతి అడిగావు కదా. బండి ఆగేది ఇరవై నిమిషాలు. అప్పుడు మనం పెట్టే సూప్ ఎంత వేడిగా ఉండేదంటే, అది చల్లారేలోపు గార్డు బూర ఊదేవాడు. జనం నోరు కాల్చుకుని లేచిపోయేవాళ్లు. మిగిలినదాన్ని మళ్లీ కుండలో పోసేది మన అమ్మ. అదీ వెయ్యకు.

గదులకు అంకెలు లేవు. పనివాళ్లకు చదువు రాదు కాబట్టి తలుపుల మీద బొమ్మలు వేయించాడు తాత. సూర్యుడి గది, చంద్రుడి గది, చేప గది. రాత్రి పడుకునే ముందు ప్రయాణికులు బూట్లు తలుపు బయట పెట్టేవాళ్లు. బూట్లు తుడిచే మన జెత్రో వాటిని తీసుకెళ్లి మెరుగుపెట్టి, అడుగున సుద్దతో గది బొమ్మ, ఆ మనిషిని లేపాల్సిన గంట (అంకెలు మాత్రం నేర్చుకున్నాడు) వేసి మళ్లీ ఎక్కడివక్కడ పెట్టేవాడు. తెల్లవారుజామున కొవ్వొత్తి పట్టుకుని ఆ వసారాలో నడుస్తూ, ఒక్కొక్క బూటు తిరగేసి చూసి, ఆ గంటకు ఆ తలుపు తట్టేవాడు. మనిషి మొహం చూడనక్కర్లేదు, పేరు తెలియనక్కర్లేదు. సుద్ద ఏం చెబితే అదే.

జెత్రో ఇంకా ఉన్నాడు. మోకాళ్లు పోయాయి, నోరు పోలేదు. బూట్ల పని మాన్పించి నాన్న అతన్ని గుర్రాల సాలకు పంపేశాడు, నువ్వు వెళ్లిన తరవాత. ఆ కోపం ఇప్పటికీ ఉంది.

ఇంతకంటే రాయడానికేమీ లేదు.

నీ అక్క

---

లండను
ఏప్రిల్ 5

అక్కకు నమస్కారాలు.

పుస్తకం వచ్చేసింది. పది ప్రతులు పంపుతున్నాను. అట్ట మీద మూడు కొంగలూ ఉన్నాయి, నీ బోర్డు కంటే నా అట్ట నయం. పేజీ పదకొండు ముందు చదువు. మా యజమాని అది చదివి లేచి తలుపు గడియ వేసుకున్నాడు. రాజూ దొంగా ఇవ్వకపోయినా నువ్వు సుద్ద బూట్లు ఇచ్చావు, అది చాలింది. ఇదిగో, ఆ ముక్క ఇక్కడే రాస్తున్నాను:

"ఒక చలికాలం, చంద్రుడి గదిలో ఒక ప్రయాణికుడు దిగాడు. తెల్లవారి నాలుగు గంటల బండికి లేపమన్నాడు. అతని బూటు అడుగున వేసిన నాలుగు అంకెను ఎవరో తుడిచేశారు. అతన్ని ఎవరూ లేపలేదు. ఇప్పటికీ ఆ తలుపు బయట ఒక జత పాత బూట్లు కనిపిస్తాయి. ఎవరైనా లేపుతారేమోనని అతను ఎదురుచూస్తున్నాడు."

ఎలా ఉంది? పుల్లవిరుపుగా మాట్లాడే మా ప్రూఫులు దిద్దేవాడు కూడా నోరెత్తలేదు.

ఏమస్

---

త్రీ హెరన్స్
ఏప్రిల్ 12

ఏమస్‌కు,

నీకు ఎవరు చెప్పారు?

జెత్రో అయితే వాడికి చదువు రాదు, ఉత్తరం రాయలేడు. మీ బావ చెప్పే అవకాశం లేదు. మరి ఎవరు? నాలుగు గంటలని నీకెలా తెలుసు? తుడిచేశారని నీకెలా తెలుసు?

నన్ను అచ్చులో నిలబెట్టాలనుకుంటే ముందు నాకు చెప్పి నిలబెట్టాల్సింది. నీకు నేనేం అపకారం చేశాను?

డోర్కస్

---

లండను
ఏప్రిల్ 18

అక్కా,

నీకింత కోపం ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. రెండుసార్లు చదివాను నీ ఉత్తరం. సత్రంలో పనివాళ్లు అజాగ్రత్తగా ఉంటారని రాసినందుకా? నిన్ను నిలబెట్టడమేమిటి, అందులో నీ పేరే లేదు. "ఎవరో" అని రాశాను.

ఎవరూ చెప్పలేదు. ఒట్టు. బల్ల ముందు కూర్చుంటే వచ్చింది. మూడు అని రాయబోయాను, చెయ్యి నాలుగు అని రాసింది. అంతే.

పుస్తకం బాగా పోతోంది. రెండో ముద్రణకు మాట్లాడుతున్నాం. నీ దగ్గరికి జనం వస్తున్నారా లేదా? అది చెప్పు ముందు. కోపం తరవాత పడుదువుగాని.

ఏమస్

---

త్రీ హెరన్స్
మే 9

ఏమస్‌కు,

వస్తున్నారు. రైలు దిగి, కూరగాయల బండ్లలో ఎక్కి మరీ వస్తున్నారు. గత వారం అయిదు గదులూ నిండాయి. చంద్రుడి గది కోసం ఇద్దరు పెద్దమనుషులు వాదులాడుకున్నారు. ఒకాయన భార్యకు చూపించడానికి వసారాలో మోకాళ్ల మీద పాకాడు. గుమాస్తా మళ్లీ వచ్చి, "ఇలా ఉంటే లైసెన్సుకు ఢోకా లేదు" అన్నాడు. నీ ఆలోచన ఫలించింది, కాదనను.

కానీ ఒక సంగతి అడుగుతాను, నిజం చెప్పు. ఎవరికి పురమాయించావు?

సోమవారం పొద్దున అతిథులు ఎవరూ లేని రోజు. చంద్రుడి గది బయట ఒక జత బూట్లు ఉన్నాయి. గోధుమరంగువి, చదును ముక్కువి, ఇప్పుడెవరూ తొడగని రకం. తీసి వంటింట్లో పెట్టాను. మధ్యాహ్నానికి లేవు. గురువారం మళ్లీ వచ్చాయి. ఈసారి తిరగేసి చూశాను. అడుగున చంద్రవంక, పక్కన నాలుగు.

సరదా ఒక హద్దులో ఉండాలి. వాళ్లెవరో వాళ్లను రావద్దని చెప్పు.

డోర్కస్

---

లండను
మే 15

అక్కకు సాష్టాంగ నమస్కారం.

భలేదానివి. నేను కాగితం మీద కత రాస్తే నువ్వు దాన్ని వసారాలో నిలబెట్టావు. పైగా నాకే ఉత్తరం రాసి నన్నే బెదిరిస్తున్నావు. ఆ చదును ముక్కు బూట్లు ఎక్కడ దొరికాయి, నాన్న అటక మీదా? ఇన్నాళ్లూ నీకు హాస్యం తెలియదనుకున్నాను, పొరపాటు నాదే.

ఒక్క సలహా. రోజూ పెట్టకు. అప్పుడప్పుడు పెట్టు. లేకపోతే జనానికి అలవాటైపోతుంది.

ఏమస్

---

త్రీ హెరన్స్
జూన్ 3

ఏమస్,

నేను పెట్టడం లేదు. ఇంకెలా చెప్పాలి నీకు?

మెట్ల తలుపుకు తాళం వేసి, తాళంచెవి తలగడ కింద పెట్టుకున్నాను. జెత్రో మంచం మీద ఉన్నాడు, రెండు వారాలుగా లేవలేదు. ఇంట్లో మేమిద్దరమే. పొద్దున బూట్లు ఉన్నాయి. ముట్టుకుంటే వేళ్లు అంటుకుపోయాయి. కుట్ల మధ్య మంచు గడ్డకట్టి ఉంది. బయట గులాబీలు పూస్తున్నాయి, పొలాల్లో గడ్డి కోస్తున్నారు, నా చేతిలో బూటు మీద మంచు.

తడిగుడ్డతో ఆ సుద్ద తుడిచాను. పోయింది. తిప్పి పెట్టి మళ్లీ చూశాను. ఉంది.

ఒక బూటు తీసుకెళ్లి జెత్రోకు చూపించాను. పిచ్చిదాన్నవుతున్నానేమో అని. అతను మడమ మీద బొటనవేలు పెట్టి రుద్దాడు.

"మూడు మేకులు. ఇది నేను తుడిచిన బూటే అమ్మగారూ. ఆయన పేరు రిడ్లీ. చేతితొడుగులు కుట్టే రిడ్లీ."

"నీకు పేర్లు కూడా గుర్తుంటాయా జెత్రో?"

"అందరివీ గుర్తుండవు. ఈయన వల్లనే కదా నన్ను గుర్రాల దగ్గరికి తోసేశారు."

ఏమస్, నీకు నిజంగా ఎవరూ చెప్పలేదా?

అక్క

---

లండను
జూన్ 9

అక్కా,

ఎవరూ చెప్పలేదు. అమ్మ మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను. నీ ఉత్తరం చదివాక నాకు నా చెయ్యి చూసుకుంటేనే భయంగా ఉంది. రిడ్లీ అన్న పేరు నేను వినలేదు.

నిన్న మధ్యాహ్నం జరిగినది కూడా చెప్పాలి. ఒకామె అచ్చాఫీసుకు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, బాత్ నుంచి వచ్చింది. పేరు లియా కాటర్. పుస్తకం చేతిలో ఉంది. పేజీ పదకొండు మడిచి పెట్టుకుంది. "ఇది రాసినవారు మీరేనా? ఇది నిజంగా జరిగిందా?" అని అడిగింది. కల్పించానని చెప్పాను. నమ్మలేదు. ఆ సత్రంలో ఒక రోజు ఉండాలంది. నేను దారి చెప్పాను. పది రోజుల్లో వస్తుంది.

ఆమె పుట్టింటి పేరు రిడ్లీ అని ఇప్పుడే, అంటే నీ ఉత్తరం వచ్చాక, ఆమె వదిలివెళ్లిన చీటీ చూస్తే తెలిసింది.

ఏం జరిగిందో నాకు చెప్పు అక్కా. నేను నీ తమ్ముణ్ణి, న్యాయాధికారిని కాదు. నీకిష్టం లేకపోతే ఆమెను రానివ్వకు, గదులు ఖాళీ లేవని చెప్పెయ్యి. కావాలంటే నేనే వచ్చేస్తాను.

ఏమస్

---

త్రీ హెరన్స్
జూన్ 21

చిరంజీవి తమ్ముడు ఏమస్‌కు,

గదులు ఖాళీ లేవని చెబుదామనే గుమ్మంలోకి వెళ్లాను. ఆమె మొహం చూశాక నోరు రాలేదు. చంద్రుడి గది అడిగింది. ఇచ్చాను.

నువ్వు అడిగావు కాబట్టి మొదటినుంచి రాస్తాను. 1812 మార్చి. నాకు ఇరవై రెండు. జాన్ పెల్ సూర్యుడి గదిలో దిగాడు. నాకూ అతనికీ ఆ ఏడాదిగా మాటలు నడుస్తున్నాయి, నాన్నకు తెలియదు. అతనికి బ్రిస్టల్ నుంచి జమైకా వెళ్లే ఓడలో ఉద్యోగం దొరికింది. నాలుగు గంటల బండిలో పైకప్పు మీద ఒక్క సీటు ఉంటే అతని పేర రాయించుకున్నాడు. ఆ బండి తప్పితే ఓడ తప్పుతుంది. ఓడ తప్పితే నా దగ్గరే ఉంటాడు. ఉండమని నోరు తెరిచి అడగడానికి నాకు పొగరు అడ్డొచ్చింది.

చంద్రుడి గదిలో రిడ్లీ అనే ఆయన ఉన్నాడు. బాత్ వెళ్లాలి, బండిలో చోటు లేదని చెబితే మర్నాటి బండికి ఆగుతానన్నాడు. నేను చేసిందల్లా ఇంతే. జెత్రో పడుకున్నాక పెల్ బూటు మీద నాలుగును నా ఏప్రన్‌తో తుడిచాను. సీటు ఖాళీగా ఉంటే గార్డు పెల్ కోసం గది గది వెతుకుతాడు. అందుకని రిడ్లీ బూటు మీద నాలుగు రాశాను.

తెల్లవారి ఆయన కిందికి దిగాడు. "నన్ను లేపారు, నాకు చోటు దొరికిందా అమ్మా?" అని అడిగాడు. దొరికిందన్నాను. వేడి ఏల్ ఇచ్చాను. "మా పాపకు ఆదివారం నామకరణం. ఒక రోజు ముందే చేరతాను. మీ మేలు మరిచిపోను" అన్నాడు. పలచటి కోటు. నేను చూశాను ఏమస్, ఆ కోటు పలచన అని చూశాను. పెల్‌కు మందమైన కోటుంది, తెచ్చి కప్పవచ్చు. తెస్తే పెల్ లేస్తాడు.

చిప్పెన్‌హామ్‌లో బండి ఆగినప్పుడు అందరూ దిగారు, ఆయన దిగలేదు. కడ్డీ పట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడట. చలికి ప్రాణం ఎప్పుడో పోయింది. తప్పు మనిషిని లేపాడని నాన్న జెత్రోను తిట్టి సాలకు తోశాడు. పెల్ ఏడు గంటలకు లేచి, ఓడ తప్పిందని మూడు రోజులు ఏడ్చి, నాలుగో నెలలో నన్ను పెళ్లి చేసుకున్నాడు. ఇరవై అయిదేళ్లు కాపురం చేశాం. మంచి కాపురమే. అతనికి చెప్పలేదు.

ఇక నిన్నటి సంగతి. పొద్దున లియా కాటర్ తలుపు తెరిచేసరికి నేను వసారాలోనే ఉన్నాను. ఆ బూట్లు లేవు. ఆమె తన బూట్లు బయట పెట్టుకుని పడుకుంది, అవే ఉన్నాయి. వంగి తీసింది. అడుగున చంద్రవంక, నాలుగు.

"వేళాకోళానికి వచ్చానని అనుకున్నారా?" అంది. "మా నాన్న ఇక్కడినుంచే వెళ్లాడు. ఒక రోజు ముందే ఎందుకు బయల్దేరాడో ఇక్కడివాళ్లెవరూ మాకు చెప్పలేదు."

నేను ఆ బూటు ఆమె చేతిలోంచి తీసుకుని చూశాను. జెత్రో నాలుగు పైన విచ్చుకుని ఉంటుంది. ఇది పైన మూసుకుని ఉంది, కింద చిన్న తోక. కూరగాయల పద్దులో, దుప్పట్ల మూలల్లో, నేను బతుకంతా రాసిన నాలుగు. మేలో ఆ బూటు మొదటిసారి తిరగేసిన రోజే గుర్తుపట్టాను. నీకు రాయలేదు.

అక్కడే నిలబడి అంతా చెప్పేశాను. ఆమె గోడకు ఆనుకుని విన్నది.

"నా కోసం తొందరపడి వెళ్లాడని మా అమ్మ చెప్పేది," అంది. "ప్రతి పుట్టినరోజుకూ చెప్పేది. నిన్ను చూడాలనే ఆత్రంలో ఒక రోజు ఆగలేకపోయాడే, ఆగి ఉంటే బతికేవాడే అని. నా మొహం చూడకుండా చెప్పేది."

"మీ వల్ల కాదమ్మా. ఆయన ఆగుతాననే అన్నాడు. నేనే ఆగనివ్వలేదు."

ఆమె బూట్లు తొడుక్కుంది. తాళ్లు కట్టుకుంది. నన్ను తిడుతుందని, చెయ్యెత్తుతుందని చూశాను. కనీసం దేవుడు చూసుకుంటాడని అయినా అంటుందనుకున్నాను.

"ఈ ముక్క నాకు పదేళ్లప్పుడు కావాల్సింది," అంది. "మా అమ్మ బతికున్నప్పుడు కావాల్సింది. మా ఊరు మీకు తెలుసు. ఒక ఉత్తరం రాయడానికి ఎంతసేపు పడుతుంది?"

ఏమీ తినకుండా వెళ్లిపోయింది. బండి పిలుస్తానంటే వద్దని, స్టేషన్ దాకా నడిచే వెళ్లింది.

తరవాత జెత్రో దగ్గరికి వెళ్లాను. అతనికీ చెప్పాను. "తెలుసమ్మగారూ," అన్నాడు. "అది నా నాలుగు కాదు. ఆ రోజే చూశాను."

"మరి ముప్పై ఏళ్లు నోరెత్తలేదేం?"

"ఎవరికి చెప్పను? మీరు యజమాని కూతురు. తరవాత యజమాని భార్య. ఆ తరవాత యజమాని." ఇంత చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇవాళ పొద్దున వసారాలో బూట్లు లేవు. ఊరట కలుగుతుందనుకున్నాను. కలగలేదు. ఆ చల్లటి తోలు ఇంకా వేళ్లకు తగులుతూనే ఉంది.

నువ్వు రెండో ముద్రణ వేస్తున్నావు కదా. పేజీ పదకొండు మార్చు. అతన్ని ఎవరూ లేపలేదని రాశావు, అది తప్పు. లేపారు. అతనికి నాథన్ రిడ్లీ అని పేరుంది, చేతితొడుగులు కుట్టేవాడు, కూతురి నామకరణానికి ఒక రోజు ఆగి వెళదామనుకున్నాడు. అతని బూటు మీద అంకె వేసి, పలచటి కోటుతో మంచులోకి పంపింది ఎవరో రాయి. "ఎవరో" అని దాటెయ్యకు. జెత్రో తప్పు లేదని కూడా రాయి. న్యాయాధికారిగారి గుమాస్తా నీ పుస్తకం కొన్నాడు, రెండోదీ కొంటాడు. సెప్టెంబరులో లైసెన్సు ఇవ్వరు, నాకు తెలుసు. ఇల్లు వదలాల్సి వస్తుంది, అదీ తెలుసు. నన్ను కాపాడాలని ఒక్క మాట కూడా మెత్తగా చెయ్యకు ఏమస్. అచ్చవగానే మొదటి ప్రతి బాత్‌కు పంపు. ఆమె చేతికి అందాలి. అందులో నా పేరు ఇలా, పూర్తిగా ఉండాలి.

డోర్కస్ పెల్